గ్రాండ్ టెస్టు, ఏడు గంటల బస్సు

మా చిన్నప్పుడు... అంటే మరీ గౌన్లేసుకున్న వయసు కాదు, ఇంటర్ రెండో ఏడు... ఆదివారం వచ్చిందంటే నాకు గుబులు. ఆ రోజు గ్రాండ్ టెస్టు. ఎంసెట్‌కు ముందు ఎంసెట్ లాంటి ఉత్తుత్తి పరీక్ష.

కాలేజీ హుజూర్‌నగర్‌లో. మా ఊరు అక్కడికి అరగంట. పరీక్ష ఏడింటికి మొదలు. మా ఊరికి మొదటి బస్సు వచ్చేదే ఏడింటికి... సద్ది గిన్నె సంకలో పెట్టుకుని నేను ఉరికొచ్చేసరికి హాస్టల్ పిల్లలు పేజీలు తిప్పేస్తుండేవాళ్లు. ఆలస్యమైనందుకు అదనపు టైము ఇవ్వరు. ఎక్కడిదాకా రాస్తే అక్కడిదాకే.

సాయంత్రానికి మార్కులు బోర్డుకెక్కేవి. మార్కుల పక్కన ఇంకో గడి... ‘ఎంసెట్‌లో రాబోయే ర్యాంకు’. పరీక్ష ఇంకా రాయనే లేదు, ర్యాంకు మాత్రం ముందే రాసిపెట్టేవాళ్లు. నా బెంచీలోనే కూర్చునే స్వప్న, హాస్టల్ పిల్ల, ఎప్పుడూ పైవరుసలో. నా పేరు కింది నుంచి వెతుక్కోవాలి.

ఒకరోజు ప్రిన్సిపాల్ మా నాయినను పిలిపించాడు. నాయిన మిరప చేను నుంచి అట్లనే వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు, నా పక్కనే నిలబడ్డాడు.

“మీ పాపకు గ్రాండ్ టెస్టుల్ల గిన్నే మార్కులు వస్తున్నయి. ఎంసెట్ రాసినా సీటొచ్చే ర్యాంకు రాదు. డిగ్రీల వేసుకోండ్రి” అన్నాడు సారు.

“నాకు బస్సు లేటయితది సార్. అరగంట పోతది” అన్నాను.

“అసలు పరీక్షల నీ బస్సు కోసం ఆగుతరా?”

“దానికి ముందురోజే పోయి ఉంట సార్.”

సారు మా నాయిన వైపు చూసి నవ్వాడు. “నోరైతే మంచిగనే ఉంది. మార్కులే లేవు.”

నాయిన కూడా నవ్వాడు, మర్యాదకు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

దరఖాస్తులు కాలేజీయే నింపింది. ర్యాంకు వచ్చేటట్టున్నవాళ్ల పేర్లు చదివి కంప్యూటర్ గదికి తీసుకుపోయారు. నా పేరు చదవలేదు. బతిమాలలేదు నేను. ఆఖరి రోజు పొద్దున్నే బస్టాండు పక్కన నెట్ షాపుకు పోయి కూర్చున్నా. షాపన్న అన్నీ నింపాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది నాయిన దగ్గర... దానికొచ్చే ఓటీపీ నంబరు చెప్తేనే దరఖాస్తు ముందుకు పోతుంది.

షాపన్న ఫోను తీసుకుని చేశాను.

“నాయినా, నీ ఫోనుకు నంబరొచ్చింది. జర చెప్పు.”

అవతల చేలో ఎవరో కూలీలను కేకేస్తున్నారు.

“ఏం నంబరు?”

“ఎంసెట్‌ది.”

“సారు వద్దన్నడు గద బిడ్డా.”

“సారుకేం తెల్సు నాయినా. నువ్వు నంబరు చెప్పు.”

“గంత సదువుకున్నోనికి తెల్వదా... మనకు తెల్సా? ఇంటికి రా, గింత సద్ది తిను.” పెట్టేశాడు.

“మల్ల పంపాల్నా?” అన్నాడు షాపన్న. పంపమన్నాను. చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను... వెనక పిల్లలు నిలబడి ఉన్నారు. “చెల్లె, జరసేపు పక్కకు కూసో, వీళ్లది చేస్త” అన్నాడు షాపన్న మెల్లగా. సాయంత్రం దాకా పక్కకే కూర్చున్నాను. ఫోను మోగలేదు. గడువు అయిపోయింది.

ఫలితాలొచ్చాక కాలేజీ ముందు పెద్ద ఫ్లెక్సీ. ‘మేం చెప్పిందే జరిగింది’ అని. జరగక ఏమవుతుంది? రాదన్నవాళ్లను రాయనిస్తేనే కదా, ఆ మాట తప్పో ఒప్పో తేలేది.

కానీ ఆ ఫ్లెక్సీ మీద స్వప్న బొమ్మ లేదు. కొన్నాళ్లకు బస్టాండులో కనిపించింది, మొహం పీక్కుపోయి.

“ఏమైందే?” అన్నాను.

“రాత్రి సారు చేయించినయి ఎంసెట్ల ఒక్కటి గూడ రాలేదే.”

“ఏ రాత్రి?”

“శనివారం రాత్రి. తెల్లారి టెస్టుల వచ్చే లెక్కలే, అంకెలు మార్చి హాస్టల్ల చేయించేటోడు గద... నీకు తెల్వదా?”

నాకెట్లా తెలుస్తుంది? శనివారం రాత్రి నేను మా ఊళ్లో ఉండేదాన్ని.

ఆమె మార్కులూ ఆమెవి కావు, నా మార్కులూ నావి కావు. ఒకరికి రాత్రి చూపించి పొద్దున అడిగారు. ఇంకొకరికి అరగంట కోసి అడిగారు. ఆ రెండూ ఒక బోర్డు మీద పెట్టి, ఇదిగో మీ బతుకులు అన్నారు.

ఇప్పుడు నేను చిట్యాల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తున్నా. లెక్కలు మాత్రం వదల్లేదు. ఫోనులో చూసి నాకు నేనే నేర్చుకున్నా. మొన్న ఒక సెలవు రోజు ఆ ఏడాది ఎంసెట్ పేపరు తీసి, గడియారం ముందు పెట్టుకుని, పూర్తి టైము కూర్చుని రాశాను. దిద్దుకున్నాను. సీటు వచ్చే మార్కులే.

ఇంటికి పోయినప్పుడు నాయినకు చెప్పాను. దండెం మీది తువ్వాల తీసి, మళ్లీ దండెం మీదనే వేశాడు. “ఆ రోజు ఫోను చేతులనే ఉండె బిడ్డా” అన్నాడు.

కానీ నాకు నేను అబద్ధం చెప్పుకోను. అది నా గదిలో, నా చాప మీద, ఎవరి భయం లేకుండా రాసింది. అది కూడా ఉత్తుత్తి పరీక్షే. అసలు హాల్లో నాకెంత వచ్చేదో ఏ పేపరూ చెప్పలేదు... ఇంక ఎప్పటికీ తెలియదు. మండేది అక్కడే.

ఇప్పుడు బోర్డులు పోయాయి. పిల్లలు ఫోనులోనే మోడల్ టెస్టు రాస్తే, రాబోయే ర్యాంకు ఆ ఫోనే చెప్పేస్తోందట. అప్పుడు సారైనా ఎదురుగా ఉండేవాడు, బస్సు లేటని చెప్పుకోవడానికి... ఫోనుకు ఎవరు చెప్తారు?

మీరూ ఇట్లాంటి టెస్టులు రాసే ఉంటారు. మార్కులు వద్దులెండి... మీ ఊరికి పొద్దుటి బస్సు ఎన్నింటికి వచ్చేదో అది చెప్పండి.