పసుపు తీగ మీద పన్నెండు

ముదలియార్‌పేటలో మా ఇంటి ముందుగదే మా ఆయన కంప్యూటర్లు బాగుచేసే అంగడి. కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె అనుమానంగా ఉంటే దాన్ని విడిగా తీసి, పాత హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి నడిపిస్తూ మీటరు పెట్టేవాడు. లోడు లేకుండా నడిపితే చెడిపోయిన పెట్టె కూడా మంచిదిగానే కనబడుతుందనేవాడు. అంకెలు పైకి చదవడం ఆయన అలవాటు. ఎర్ర తీగ అయిదు వోల్టులు, పసుపు తీగ పన్నెండు. పదకొండున్నరకు దిగితే ఇక ఆ పెట్టె పనికిరాదు. వంట చేసుకుంటూ ఏళ్ల తరబడి విన్నాను.

యాభై దాటాక పక్కింటి అక్క దగ్గర చదువు నేర్చుకున్నాను. బస్సు నంబర్లు అంతకుముందే తెలుసు. చుక్క పక్కన ఉండే అంకెకూ విలువ ఉంటుందని అప్పుడే తెలిసింది.

మా ఊళ్లోనే సారం అనే పేటలో జిరాక్స్ కొట్టు నడిపే ఆమె తన కంప్యూటరును మూడోసారి తెచ్చింది. పని మధ్యలో ఆగిపోతోందట, జనం పక్క కొట్టుకు పోతున్నారట. పవర్ సప్లై బాగుందని అంతకుముందు రెండుసార్లూ మా ఆయనే చెప్పి పంపాడు. ఆమెకు టీ ఇచ్చి నేనూ అక్కడే నిలబడ్డాను.

ఆయన తీగలను వేళ్లతో తడిమి మీటరు వైరు చివరి ముల్లు ఆనించాడు. పన్నెండు అన్నాడు. మీటరులో పది చుక్క మూడు ఉంది.

"పదీ చిల్లర చూపిస్తా ఉందయ్యా," అన్నాను మెల్లగా.

"ఏందే, మీటరు చదివేది కూడా నేర్పించిందా ఆ అక్క?"

జిరాక్స్ కొట్టు ఆమె నవ్వింది. ఆయన ముల్లు తీసి మళ్లీ పెట్టాడు. ఈసారి అది ఎర్ర తీగ మీద పడింది. మీటరులో అయిదుకు కొంచెం తక్కువ. ఆయన మళ్లీ పన్నెండే అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయనకు అంకే కాదు, తీగ రంగు కూడా కనబడటం లేదు. అక్కడ ఉండాల్సింది చెబుతున్నాడు, అంతే.

మేమిద్దరం మాట్లాడకపోయేసరికి ఆయన చెయ్యి ఆగింది. "ఏమే, యాడ పెట్టినా?" అన్నాడు.

"ఎర్ర దాని మీద."

స్విచ్ ఆపేశాడు. పవర్ సప్లైదే తప్పు, ఇంకెక్కడైనా మార్పించుకోమ్మా అని ఆమెకు తమిళంలో చెప్పాడు. ఆమె కంప్యూటరు ఎత్తుకుని వెళ్లిపోయింది.

"ఒక కన్ను పోయినా ఇంకోదాంతో లాగేస్తా అనుకున్నా," అన్నాడు నాతో.

మధ్యాహ్నం కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. షుగరు రెండు కళ్లనూ తినేసిందనీ, పోయిన చూపు ఇక రాదనీ చెప్పారు. బయట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. ఆమె కంప్యూటరు యాడికి తీసకపోయుంటుందని అడిగాడు. తెలీదన్నాను.