అమ్మ మెయిన్ దించిన రోజు

మా నాన్న అమ్మను కొట్టేది మగ్గాలు నడుస్తున్నప్పుడే. మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేటలో, మా ముందుగదిలో నాలుగు పవర్‌లూమ్‌లు టవళ్లు నేస్తుంటే, వెనకగదిలో బీడీలు చుట్టే అమ్మ ఏడుపు గల్లీలోకి ఎలా పోతుంది? పోదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

నాకు మాత్రం వినిపించేది. అప్పుడు నాది బీఎస్సీ రెండో ఏడు. పుస్తకం పట్టుకుంటే కళ్లు అక్షరాల మీద, చెవులు అమ్మ గొంతు మీద. యూనివర్సిటీ పరీక్షలోనూ అంతే. హాలంతా నిశ్శబ్దంగా ఉంది, నేనేమో ‘ఇప్పుడు కొడుతున్నాడేమో’ అనుకుంటూ కూర్చున్నాను. సగం పేపర్ ఖాళీగా ఇచ్చి వచ్చాను. లెక్కల్లో ఫెయిల్. బడిలో లెక్కలంటే నాకు ఎదురే లేదు, తెలుసా!

"చదువు బంద్. రేపటి సంది బీడీలు చుట్టు," అన్నాడు నాన్న. అడ్డొచ్చిన అమ్మ మీద చెయ్యి ఎత్తాడు.

ఎన్నడూ నోరెత్తని మా అమ్మ, ఆ చేతిని తప్పించుకుని ముందుగదిలోకి నడిచింది. మెయిన్ స్విచ్ దించేసింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారే ఆగిపోయాయి.

మా గల్లీలో పట్టపగలు ఒకరి మగ్గాలు ఆగితే చుట్టుపక్కలవాళ్లు వచ్చి అడగాల్సిందే. వచ్చారు.

"కాయ్ ఝాలం, ఏమైంది వదినె? మీకొక్కరికే కరెంటు పోయిందా?"

"కరెంటు మంచిగనే ఉంది. ఈయన నన్ను కొడ్తుండు. ఆ ఫికర్ల నా బిడ్డ ఫేలైంది. అది మల్లా పరీక్ష రాస్తది. గింతే!"

నాన్న తల ఎత్తలేదు. ఎదురింటి పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఇగో, మల్లొక్కసారి గీ మగ్గాలు ఆగినయంటె ఉత్త చేతులతోని రాం," అని ఆయనకు వేలు చూపించి మరీ వెళ్లింది. ఏం ధైర్యం మా అమ్మది! ఇప్పటికీ తలచుకుంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది.

నాన్న ఆ రోజుతో దేవుడైపోలేదు. అరుపులు ఉన్నాయి. కానీ చెయ్యి లేస్తే అమ్మ మెయిన్ వైపు చూసేది, చెయ్యి దిగేది. నేను నిశ్చింతగా లెక్కలు చేసుకున్నాను.

మళ్లీ రాసిన పరీక్ష ఫలితం ఫోన్లో చూసి చెప్పాను. అమ్మ గబగబా లేచి మెయిన్ దించింది. గల్లీ అంతా పరుగున వచ్చింది. పెద్దమ్మ చేతిలో రొట్టెల కర్ర!

"ఎవ్వరు కొట్టలే," అంది అమ్మ నవ్వుతూ. "నా బిడ్డ పాసైంది. గల్లీకి ఎరకగావాలె గదా!"