ఎవరూ చెయ్యి వెయ్యకండి

స్ఫాక్స్ ఓడరేవు వెనక వీధిలో ఖమైస్ బాబాయ్ కొట్టుకు బోర్డు లేదు. బండ్ల కరెంటు పనంటే ఊరంతా ఆయన దగ్గరికే వస్తుంది, బోర్డు ఎవరికి కావాలి? ఇదే కరెంటు పని నేను నాలుగేళ్లు కాలేజీలో చదివాను. అయినా లమీన్ బండి జబ్బును ఆయన పట్టుకున్న తీరు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

లమీన్ మా పక్కింటాయన. స్ఫాక్స్ నుంచి గాబెస్‌కు లువాజ్ నడుపుతాడు, అంటే ఎనిమిది మంది నిండితేనే కదిలే షేర్ వ్యాను. స్టాండులో బండ్లన్నీ వరసలో ఉంటాయి. వంతు వచ్చిన బండి స్టార్ట్ కాకపోతే జనం దిగి వెనక బండెక్కుతారు, ఆగిన బండి వరస చివరికి పోతుంది. ఒక్క నెలలో లమీన్‌కు ఐదుసార్లు అలా అయింది. ఇంకొక్కసారి వంతు పోతే తాళాలు ఇచ్చెయ్యమని బండి యజమానురాలు చెప్పేసింది. ఆయన పంతొమ్మిదేళ్లుగా కూర్చున్న సీటు అది.

విచిత్రమేమిటంటే ఆ బండి ఇంటి దగ్గర మొరాయించదు, దారిలో మొరాయించదు, గాబెస్‌లోనూ మొరాయించదు, ఈ స్టాండులోనే. బ్యాటరీ మార్చారు, ఇంజను లేపే సెల్ఫ్ మోటారూ మార్చారు. ఖమైస్ బాబాయ్ కొట్టులో మూడు రోజులుంచి నలభైసార్లు తాళం తిప్పితే నలభైసార్లూ ఒక్క దెబ్బకు లేచింది.

"నీ ముందు నంగనాచిలా ఉంటుంది బాబాయ్. స్టాండుకొచ్చి చూడు దీని అసలు రంగు," అన్నాడు లమీన్.

"ఆగినప్పుడు ఏం చేస్తావ్?"

"నేనేం చేస్తాను, మనోళ్లే పరిగెత్తుకొస్తారు. పదిమంది కలిసి గోడవారకి తోసేస్తారు. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది."

ఆలివ్ నూనెలో ముంచబోతున్న రొట్టె ముక్కను బాబాయ్ అలాగే ఆపేశాడు. "అయితే జబ్బు ఆనవాళ్లని మీరే తుడిచేస్తున్నార్రా," అన్నాడు.

ఆయన అంతకుముందు ఇరవై రెండేళ్లు చేపల పడవల్లో కరెంటు పని చేశాడు. అలల్లో ఆరిపోయిన దీపం రేవుకు రాగానే శుభ్రంగా వెలుగుతుంది. మిగతావాళ్లు రేవులో వెతికేవాళ్లు. ఈయన పడవతో పాటు వెళ్లి, ఆరిన చోట ఆరినట్టే ఉంచి చూసేవాడు.

మర్నాడు పొద్దున్నే స్టాండుకొచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు నేను గాబెస్ వెళ్లాలి, లమీన్ బండిలోనే ఎక్కాను. ఎనిమిది మందీ నిండారు. లమీన్ తాళం తిప్పాడు. టక్కుమని కూడా అనలేదు.

అలవాటు కొద్దీ డ్రైవర్లు పరిగెత్తుకొచ్చారు.

"ఎవరూ చెయ్యి వెయ్యకండి," అన్నాడు బాబాయ్, కూర్చున్నచోటి నుంచే.

స్టాండుకు పెద్దయిన తీజానీ అడ్డొచ్చాడు. "ఖమైస్, వెనక ఇరవై బండ్లున్నాయి. జనం నన్ను తినేస్తారు."

"పావుగంట ఇవ్వు. దొరక్కపోతే తోసెయ్, లమీన్ తాళాలు ఇచ్చేస్తాడు."

లమీన్ ముఖంలో నెత్తురు లేదు. నా పక్కనున్న ముసలావిడ బుట్ట ఒళ్లో సర్దుకుంది. "పావుగంటలో నేనేం ముసలిదాన్నైపోను. కూర్చుంటా," అంది. మేమూ దిగలేదు.

"తోయకుండా ఉండాలంటే నా చేతులు దురద పెడుతున్నాయి బాబాయ్," అన్నాడో డ్రైవరు.

"జేబుల్లో పెట్టుకో."

బాబాయ్ బానెట్ ఎత్తలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచి ముందు చక్రాల దగ్గర ఆగాడు. స్టాండు గేటు ఎడమ పక్కనుంది. ఒక్క మలుపులో బయటపడాలని, వంతు వచ్చిన ప్రతి బండినీ స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి నిలబెడతారు. గోడవారకు తోసేటప్పుడు మాత్రం చక్రాలు తిన్నగా చేస్తారు. ఇది మేమందరం రోజూ చూస్తున్నదే.

"లమీన్, స్టీరింగ్ తిన్నగా చెయ్. ఇప్పుడు తాళం తిప్పు."

లేచింది.

"ఆపు. మళ్లీ ఎడమకి తిప్పి చూడు."

ఉలుకూ పలుకూ లేదు.

వెనక బండ్ల డ్రైవర్లు కూడా దిగి చుట్టూ చేరారు. అప్పుడు ఎత్తాడు బానెట్. సెల్ఫ్‌కు వెళ్లే సన్నటి తీగను ఎప్పుడో ఎవరో స్టీరింగ్ రాడ్డుకు కలిపి కట్టేశారు. ఎడమకు తిప్పినప్పుడల్లా అది లాగుతోంది. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు. బాబాయ్ కళ్లు మూసుకుని, రెండు వేళ్ల మధ్య తీగను కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. నన్ను పిలిచి, "చదువుకున్నావుగా, ఇక్కడ పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. అక్కడ తీగ మెత్తగా, ఎముక లేనట్టుంది. కోసి చూపించాడు. లోపల రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. లాగినా ఒకదానికొకటి ఆనుకున్న రోజు బండి లేచేది, విడిపోయిన రోజు లేచేది కాదు.

కొత్త తీగ వేసి, రాడ్డుకు దూరంగా, వదులుగా కట్టాడు.

"ఎడమకే తిప్పి పెట్టి పదిసార్లు స్టార్ట్ చెయ్."

డ్రైవర్లంతా కలిసి పైకి లెక్కపెట్టారు. పదిసార్లూ లేచింది.

"పద్నాలుగు నిమిషాలు," అన్నాడు తీజానీ. "లమీన్, కదులు. వంతు నీదే."

లమీన్ గేరు వేశాడు. బాబాయ్ బండి రేకు మీద తట్టి స్టూలు తీసుకుని కొట్టుకు వెళ్లిపోయాడు, రొట్టె తినడానికి కాబోలు. గేటు దాటుతూ వెనక్కి చూశాను. దురద పెడుతున్నాయన్న ఆ డ్రైవరు చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.