అలాగేలే అన్న ముప్పై మూడు ఇళ్ళు

వార్డు ఎన్నిక ఫలితం వచ్చిన రోజు పొద్దున్న పదకొండు గంటలకు మా మేడమీద అద్దెకుండే అమ్మాయి మెట్లమీద కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితాల కట్ట, చేతిలో ఫోను. ఇటుకలాయన గెలిచాడని మైకు కట్టుకున్న వ్యాను మా వీధిలో మూడోసారి తిరుగుతోంది. అది మా గుమ్మం దాటిన ప్రతిసారీ ఆ పిల్ల కాగితాల కట్టను ఇంకాస్త దగ్గరకు లాక్కుంటోంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

“ఏమైనా తిన్నావా అమ్మా?” అని అడిగాను.

“ఆకలి లేదు పిన్నిగారూ. నా లెక్క తప్పింది.”

మా వీధిలో అందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు. యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. మా మేడమీది రేకుల గదిలో ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు. రెండోది పొడుగమ్మాయి, మొక్కల చదువు చదువుతుంది. లెక్కలమ్మ రోజూ రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు కండక్టరు ఆమె పరుగెత్తుకు రావడం చూసి విజిలు ఒక క్షణం ఆలస్యంగా వేస్తాడు. ఆమె లాప్‌టాప్ మూత సగమే తెరవాలి, పూర్తిగా తెరిస్తే తెర నల్లబడుతుంది. అందుకని మెడ వంచుకుని చదివీ చదివీ, నడిచేటప్పుడు కూడా నేలమీద ఏదో పోగొట్టుకున్నదానిలా నడుస్తుంది. వారం వారం పరీక్షలు, గైడు మేడం ఎర్రసిరా, మధ్యాహ్నమయ్యేసరికి రేకులు కాగి గది పెనంలా మారడం. ఇన్నిటిమధ్య చివరి ఏడాది ప్రాజెక్టు.

ఆ ప్రాజెక్టే ఈ ఎన్నిక. మా వార్డులో వంద ఇళ్ళకు వెళ్ళి ఎవరికి ఓటేస్తారో అడిగి, ఫలితం ముందే చెప్పాలి. పన్నెండు రోజులు, క్లాసులయ్యాక ఎండలో తిరిగింది. తొంభై తొమ్మిది ఇళ్ళయ్యాక వందో ఇంటికి తాళం ఉంటే, తన గదికే తిరిగొచ్చి పొడుగమ్మాయిని అడిగి వంద పూర్తి చేసింది. నిలబడినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఇటుకల బట్టీ ఉన్న పెద్దమనిషి, మా వీధికి ఇటుకలాయన. ఇంకొకరు సర్కారు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ. వార్డు ఆఫీసు మేడమీద హాలును పిల్లలు చదువుకునే గదిగా చేయిస్తానని నర్సమ్మ మాటిచ్చింది. ఫ్యాను కింద బల్లముందు కూర్చుని చదువుకోవడం లెక్కలమ్మకు ఎంతటి ఆశో, మధ్యాహ్నంపూట ఆ రేకుల గదిలోకి ఒక్కసారి తొంగిచూసినవాళ్ళకు తెలుస్తుంది. పైగా మొదటి ఏడాది జ్వరమొస్తే, పిలవకుండానే నర్సమ్మ ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చింది.

లెక్కలమ్మ లెక్క ప్రకారం నూటికి నర్సమ్మకు అరవై ఎనిమిది, ఇటుకలాయనకు ఇరవై రెండు, ఇంకా తేల్చుకోనివాళ్ళు పది. పెట్టెలు తెరిస్తే నర్సమ్మకు నూటికి నలభై ఒకటి, మిగతా అంతా ఇటుకలాయనకు.

మర్నాడు గైడు మేడం కాగితాలన్నీ తిరగేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “లెక్క తప్పడం తప్పు కాదమ్మా. ఎందుకు తప్పిందో చెప్పలేకపోవడం తప్పు. పదిరోజుల్లో బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తాడు. కారణం చూపించకపోతే ప్రాజెక్టు పోయినట్టే. వచ్చే ఏడాది మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి” అంది.

“కారణం ఉంది మేడం. జనం అబద్ధమాడారు.”

“అలా రాసుకొస్తే నేను సంతకం పెట్టను.”

ఇంకో ఏడాది అంటే మాటలా? వచ్చే జూన్‌కల్లా ఉద్యోగంలో చేరతానని ఇంట్లో చెప్పి ఉంది. రెండు రోజులు పిల్ల ఎవరి కళ్ళలోకీ చూడలేదు. వీధిలో తల దించుకుని పోయేది. ఇస్త్రీ బండి ఆవిడ పలకరిస్తే చిన్నగా నవ్వి, నాలుగడుగులు వేశాక ముఖం ముడుచుకునేది. “ఈవిడ కూడా చెప్పింది పిన్నిగారూ, నర్సమ్మకేనని. ఇంత మంచిగా నవ్వుతూ ఎలా చెప్పారండీ అబద్ధం?” అంది నాతో. నేను గిన్నెలు సర్దుకునే పనిలో పడ్డాను. నాకు సమాధానం తెలుసు, చెప్పడానికి మొహం చెల్లలేదు.

మూడోరోజు పొడుగమ్మాయి కుట్టడానికిచ్చిన బట్టలు తీసుకురావడానికి ఇద్దరూ దర్జీ కొట్టుకు వెళ్ళారు. ఆ దర్జీ మెడలో టేపు లేకుండా మా వీధిలో ఎవరూ చూడలేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతాడు, అవి ఎప్పుడూ కింద పడవు.

“రా తల్లీ, లెక్కలమ్మా. ఏంటి, మొహం అలా వాడిపోయింది?”

అంతవరకు ఆపుకున్నదంతా అక్కడ కట్ట తెంచుకుంది. “మీరు కూడానా బాబాయ్? నర్సమ్మకే వేస్తానన్నారు. నా దగ్గర రాసి ఉంది.”

“నేనా? నేనెప్పుడన్నానమ్మా?”

లెక్కలమ్మ సంచిలోంచి కట్ట తీసింది. ఎదుటివాళ్ళు ఏ మాటంటే ఆ మాట పక్కన రాసుకోమని గైడు మేడం ముందే చెప్పి ఉండడంతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రతిదీ రాసి ఉంది. “ఇదిగోండి. నలభై ఏడో ఇల్లు. ‘నర్సమ్మకే కదండీ బాబాయ్’ అని నేనడిగాను. ‘అలాగేలే అమ్మా’ అని మీరన్నారు.”

“అదే కదా అన్నాను.”

“అంటే అవుననే కదా.”

దర్జీ నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చాడు. ఆయన అలా చేశాడంటే సంగతి పెద్దదన్నమాట. “అలాగేలే అంటే అవునని నీకెవరు చెప్పారమ్మా? నీ స్నేహితురాల్ని అడుగు. ఈ బట్టలు ఎప్పటికిమ్మంది?”

“పోయిన సోమవారానికి” అంది పొడుగమ్మాయి.

“నేనేమన్నాను?”

“అలాగేలే అన్నారు.”

“ఇచ్చానా?”

“ఇవాళ కూడా ఇచ్చేట్టు లేరు.”

బల్లమీద కూర్చుని గుండీలు కుట్టించుకుంటున్న పెద్దాయన ఒకరు నవ్వడం మొదలుపెట్టి దగ్గులోకి దిగాడు. దర్జీ ఆయనకు మంచినీళ్ళు అందిస్తూ చెప్పాడు. “చూడు తల్లీ. ‘అలాగే’ అంటే అలాగే. దానికి ‘లే’ తగిలించామంటే, నువ్వు నొచ్చుకోకు, ఈ మాట ఇక్కడితో వదిలేద్దాం అని. నువ్వేమో ఎర్రటి ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చావు. ఈ గ్లాసుతోనే నీళ్ళు తాగావు. తాగి, నర్సమ్మకే కదా బాబాయ్ అని పసిపిల్లలా నా మొహంలోకి చూశావు. కాదమ్మా, ఇటుకలాయనకి అని ఏ నోటితో అనేది?”

“మరి నిజం చెప్పకపోతే నా లెక్కేం కావాలి?”

“నువ్వు అడగడం ఎక్కడమ్మా? నువ్వే చెప్పేశావు, మేం ఊఁ కొట్టాం.”

లెక్కలమ్మ కట్టలోంచి చివరి కాగితం తీసింది. తర్వాత మెల్లగా పొడుగమ్మాయి వైపు తిరిగింది. “నువ్వు?”

“నేనేంటి?”

“వందో ఇల్లు నువ్వే. నువ్వేమన్నావు?”

పొడుగమ్మాయి దర్జీ కొట్టు పైకప్పు చూసింది. ఎత్తు మనిషి కాబట్టి దానికి అది దగ్గరే. “అలాగేలేవే అన్నాను.”

“ఎవరికేశావు?”

“ఇటుకలాయనకి. కొట్టకు. వానాకాలం బస్టాపు దాకా బురదలో ముక్క ఇటుకలు పరిపించింది ఎవరు? ఎవరూ అడక్కుండానే పరిపించాడు. రెండేళ్ళుగా నువ్వూ వాటిమీద కాళ్ళు పెట్టే బస్సెక్కుతున్నావు కదే.”

ఆ మాటతో లెక్కలమ్మకు కోపం రావాలి. కానీ ఎందుకో నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. గుండీల పెద్దాయన మళ్ళీ దగ్గాడు. ఆ రోజు కూడా బట్టలు కుట్టడం కాలేదు, సరేగాని ఆ నవ్వు మా ఇంటి దాకా వినిపించింది.

సాయంత్రం ఇద్దరూ మా వరండాలో కాగితాలు పరిచారు. గాలికి ఎగిరిపోకుండా నా వంటింట్లోని గరిటెలన్నీ వాటిమీద బరువుకు పెట్టారు. నర్సమ్మ పేరు కింద వేసిన అరవై ఎనిమిదిలో ‘లే’ ఉన్నవి ఏరితే ముప్పై మూడు తేలాయి. అలాగేలే, చూద్దాంలే, నీ మాట కాదనంలే. అందులో పదకొండోది మా ఇల్లు. లెక్కలమ్మ ఆ కాగితం పట్టుకుని నా వైపు చూసింది. ఇక దాచడం దేనికని చెప్పేశాను. నా ఓటూ ఇటుకలాయనకే. ఆ పిల్ల కాగితం కింద పెట్టింది. నా భుజానికి తల ఆనించి, “మీరు మరీ ఘోరం పిన్నిగారూ” అని మాత్రం అంది.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ వచ్చింది. ఓడిపోయినా ఇంటింటికీ వెళ్ళి ఓటేసినవాళ్ళకు కృతజ్ఞత చెబుతోంది. వేసిందెవరో వేయనిదెవరో తెలియదు గనుక అందరికీ చెబుతోంది. ఇలాంటి మనుషుల్ని దేవుడు ఏ మట్టితో చేస్తాడో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. లెక్కలమ్మ లేచి కుర్చీ వేసింది. ఈ ముప్పై మూడు కాగితాల సంగతి ఎలా చెప్పాలో తెలియక చివరకు అంతా చెప్పేసింది.

నర్సమ్మ కాగితాలు ఒక్కొక్కటే చూసి, ఒళ్ళు కదిలిపోయేలా నవ్వింది. “నాకూ ఇదే మాట అన్నారమ్మా వీళ్ళంతా. నేనూ గెలిచేశాననే అనుకున్నాను. అయినా నాకు తగిన శాస్తే. ఈ వీధిలో నేను సూది గుచ్చని చెయ్యి లేదు. గుచ్చేముందు ప్రతిసారీ ఏమనేదాన్ని? ‘నొప్పుండదులే’ అనేదాన్ని. చెల్లుకు చెల్లు.”

“మీకు బాధ లేదా అండీ?” అని అడిగింది లెక్కలమ్మ.

“లేకేం. రెండు రోజులు అన్నం దిగలేదు. కానీ మొహమ్మీద వద్దని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరే అని తలుచుకుంటే కొంచెం హాయిగానే ఉంది. ఆ చదువుల గది సంగతి నువ్వేం దిగులు పడకు. ఇటుకలాయనకి సుగరుంది, నెలకోసారి నా దగ్గరికే వస్తాడు. చెవిలో వేస్తాను.”

మర్నాటి నుంచి అసలు పని మొదలైంది. ఆ ముప్పై మూడు ఇళ్ళకూ, తేల్చుకోలేదన్న పది ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాలి. ఈసారి అడిగేది పొడుగమ్మాయి. లెక్కలమ్మ మొహంలో లోపలున్నదంతా అద్దంలో చూసినట్టు కనబడుతుందని, ఆమెను గేటు బయటే నిలబెట్టారు. పొడుగమ్మాయి ముందురోజు నా ఎదుట నిలబడి అభ్యాసం చేసింది. “ఎవరికి వేశారండీ?” అంతే. నవ్వకూడదు, తల ఊపకూడదు.

మొదటి ఇంట్లోనే తంటా వచ్చింది. ఇస్త్రీ బండి ఆవిడ పొడుగమ్మాయికి నిజం చెప్పి, ఆ భుజం మీదుగా గేటు వైపు చూసి గొంతు పెంచింది. “లెక్కలమ్మా, ఏమీ అనుకోకే తల్లీ.”

“అనుకోనులేండి” అంది లెక్కలమ్మ. అని, తన నోట వచ్చిన మాట తనకే వినబడి నాలిక్కరుచుకుంది. తర్వాత గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, “నిజంగానే అనుకోను అక్కా” అంది. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆ పిల్ల చెంప నిమిరింది.

ఐదు సాయంత్రాలు పట్టింది. ‘లే’ అన్న ముప్పై మూడులో ఇరవై ఏడు ఇటుకలాయనకు, ఆరు నర్సమ్మకు. తేల్చుకోని పదిలో ఏడు ఆయనకు, మూడు ఆవిడకు. అన్నీ సర్ది కూడితే నర్సమ్మకు నలభై నాలుగు. అసలు ఫలితానికి మూడే తేడా. సగం మూతే తెరిచే ఆ లాప్‌టాప్ మీద మెడ వంచుకుని రిపోర్టంతా తిరగరాసింది. ‘జనం అబద్ధమాడారు’ అన్న వాక్యం కొట్టేసి, ‘ప్రశ్న తప్పుగా అడగబడింది, అడిగింది నేను’ అని రాసింది. గైడు మేడం అక్కడ ఎర్రసిరాతో ఏమీ రాయకుండా పేజీ తిప్పిందట.

పరీక్ష రోజు నేను పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఓట్ల విషయంలో చేసిన తప్పు ఇలాగైనా తీరాలని. ఆ తర్వాత జరిగింది ఆ పిల్ల నోటంట విన్నదే.

పరీక్షకుడు సన్నగా, గంభీరంగా ఉన్నాడు. అంతా విన్నాక వేలెత్తి ఒకే ప్రశ్న అడిగాడు. “మొదట నీ మనసు నొప్పించకూడదని అలా చెప్పారన్నావు, ఒప్పుకుంటాను. ఎన్నికయ్యాక గెలిచినవాడికే వేశామని చెప్పుకోవడం కూడా మనుషుల అలవాటే. రెండోసారి చెప్పింది మాత్రం నిజమని ఏంటి నమ్మకం?”

గైడు మేడం కళ్ళజోడు తీసేసింది. లెక్కలమ్మ ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. బోర్డుమీద తను రాసిన అంకెల వైపు తిరిగి, వాటినే చూస్తూ నిలబడింది. నలభై నాలుగు. నలభై ఒకటి.

“అలా చెప్పి ఉంటే సార్” అంది నెమ్మదిగా, “నా లెక్క గెలిచినాయన వైపు ఎక్కువ తూగాలి కదండీ. ఆయనకు అసలు వచ్చింది నూటికి యాభై తొమ్మిది. నాకు తేలింది యాభై ఆరు. ఎక్కువ రాలేదు, తక్కువే వచ్చింది. ఒకరిద్దరు అలా చెప్పారేమో, కాదనలేను. కానీ ఎక్కువమంది చెప్పలేదు సార్.”

ఆయన బోర్డు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి తన కాగితంమీద కూడికా తీసివేతా స్వయంగా చేసుకున్నాడు. “ఊఁ” అన్నాడు. మళ్ళీ ఒకసారి చేసుకున్నాడు. తర్వాత గైడు మేడం వైపు కాగితం జరిపి, “సంతకం పెట్టండి, నేనూ పెడతాను” అన్నాడు.

ఆ సాయంత్రం లెక్కలమ్మ తిన్నగా మేడమీదకు రాలేదు. బస్సు దిగి, రెండోసారి వెళ్ళిన నలభై మూడు ఇళ్ళకూ వరసగా వెళ్ళి పాసయ్యానని చెప్పింది. ప్రతి ఇంట్లో కుర్చీ వేశారు, ప్రతి ఇంట్లో పరీక్షకుడు ఏమడిగాడో, ఈమె ఏం చెప్పిందో మొదటినుంచి చెప్పించుకున్నారు. తిరిగి తిరిగి మా గుమ్మంలోకి వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. అప్పుడే వాళ్ళమ్మ ఫోను చేసింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట పెగలదు. ఫోను పొడుగమ్మాయి చేతిలో పెట్టి, తను అరుగుమీద చతికిలబడి నవ్వుతూ వింటూ కూర్చుంది.

“అత్తా, నేనే. ఏడవడం లేదు, గొంతు పోయిందంతే. ఆఁ, పాసయింది. ఇద్దరూ సంతకం పెట్టారు. ఇప్పుడు కాదు, మొదటినుంచీ చెప్తాను, కూర్చుని విను.”