వంటింట్లో ఓటు పెట్టిన మామా

మా మామా పోయింది. రెండు నెలలు దాటింది గానీ, ఊర్లో ఎవురికి ఫోన్‌లో చెప్పినా ఇదే తంటా. "మీ మామనా? అయ్యో, ఆయనకేమైందే?" అంటారు. మా కడప పక్క మామ అంటే మీసాలుండే మనిషి గదా. ఇక్కడ కువైట్‌లో ఇండ్లల్లో పనిచేసే మేము యజమానురాలిని మామా అంటాం. సల్వాలో ఒకే ఇంట్లో, ఒకే మామా దగ్గర, ఇరవై ఏండ్లకు దగ్గరగా పనిచేసినాను. ఆమెను పేరు పెట్టి ఏ పొద్దూ పిలవలేదు. ఇప్పుడు రాసేటప్పుడూ చెయ్యి రాలేదు.

మామా బడిలో చరిత్ర టీచరు. రిటైరైనాక పాఠం చెప్పడానికి పిల్లకాయలు దొరక్క నన్ను పట్టుకుంది. సాయంత్రం వంటింట్లో నేను కింద కూర్చుని ఆకుకూర గిల్లుతాంటే, ఎదురుగా కుర్చీ వేసుకుని తానూ ఒక పిడికెడు ఒళ్ళో పోసుకునేది. గిల్లేది తక్కువ, చెప్పేది ఎక్కువ. నాకు అరబ్బీ సగం ఆమె కథల్లోనే వచ్చింది.

ఎక్కువగా ఇంగ్లాండు ఆడోళ్ళ కథ చెప్పేది. నూరేండ్ల కిందట ఆ దేశంలో ఆడోళ్ళకు ఓటు లేదంట. దొరసానులకే లేదంటే నేను నమ్మలేదు మొదట్లో. అర్జీలు పెట్టినారు, ఊరేగింపులు తీసినారు. ఎవురూ పట్టించుకోకపోతే కిటికీ అద్దాలు పగలగొట్టినారు, ఆఫీసుల ముందర ఇనప కమ్మీలకు గొలుసులతో కట్టేసుకున్నారు. జైల్లో వేస్తే తిండి మానేసినారు. అప్పుడు కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకుని, ముక్కులో రబ్బరు గొట్టం దూర్చి, పాలూ గుడ్లూ పోసినారంట. ఇక్కడికొచ్చేసరికి మామా గొంతు మారిపోయేది.

"ఆకలికన్నా అదే పెద్ద బాధ, బింతీ," అనేది. బింతీ అంటే బిడ్డా అని. "వద్దని చెప్పినాక కూడా పోసినారు చూడు, అది."

"ఓటు కోసరం అంత పస్తా మామా? మా ఊర్లో ఓటేస్తామంటే బిర్యానీ పొట్లం ఇస్తారే!" అన్నాను ఒక తూరి. కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆమె ఉత్త కథలు చెప్పే మనిషి కాదు. కువైట్‌లో ఆడోళ్ళకు ఓటు లేని కాలంలో, లేత నీలం గుడ్డ తలకు కట్టుకుని తోటి టీచర్లతో ఎండలో నిలబడిందంట. కార్లలో పోయే మగోళ్ళు అద్దం దించి ఎగతాళి చేసేవాళ్ళంట. "అడక్కపోతే ఇవ్వరు. అడిగినా ఇవ్వరు. అయినా అడగాల," అనేది. బజార్లో చేపలు బేరమాడేటప్పుడు కూడా ఇదే మాట.

నేను పనిలో చేరిన కొత్తలోనే ఇక్కడి ఆడోళ్ళు మొదటి తూరి ఓటేసినారు. మంచి ఎండాకాలం. మామా కొత్త గౌను తొడుక్కుని, అత్తరు పూసుకుని, పెండ్లికి పోయినట్టు పోయింది. తిరిగొచ్చినాక నీళ్ళిస్తా ఆమె ఎడమ చెయ్యి చూసినాను. శుభ్రంగా ఉండాది.

"ఓటెయ్యలేదా మామా?"

"వేసొస్తి గదా!"

"మరి వేలికి సిరా యాడ?"

ఆమెకు అర్థం కాలేదు. మా దేశంలో ఎడమ చేతి చూపుడు వేలికి చుక్క పెడతారని, ఎంత రుద్దినా పోదని, గోరు పెరిగేదాకా ఉంటాదని చేతులు తిప్పి చెప్పినాను. ఇక్కడ అట్లాంటిదేం లేదనింది. "గుర్తు లేకుంటే అది ఓటెట్లా అయితాది? ఎవురు నమ్ముతారు?" అన్నాను. నాకు మొండితనం జాస్తి. మామా లోపల్నుంచి గోరింటాకు గిన్నె తెచ్చి నా ముందర పెట్టి చెయ్యి చాపింది.

"పెట్టు. నీ దేశం లెక్కలో కూడా వేసినట్టే కావాల."

అప్పట్నుంచి ఇక్కడ ఓట్లొచ్చినప్పుడల్లా ఆమె గోటిమీద చుక్క పెట్టేది నా పనే.

ఆ దినమే అడిగింది, "మరి నీ వేలికి ఎన్ని తూర్లు పెట్టినారు?" అని. ఒక్క తూరి కూడా లేదన్నాను. పెండ్లైన కొత్తలో మా అత్తతో పాటు పోయి వరసలో నిలబడితే, "నీ ఓటు పడిపోయింది మ్మే, ఇంటికి పో" అన్నారు. ఎవురు వేసినారో, ఎవురికి వేసినారో ఆ దేవునికే తెలియాల. తర్వాత కువైట్‌కు వచ్చేస్తి. ఇది నవ్వుతానే చెప్పినాను. మామా నవ్వలేదు. "ఈ ఇంట్లో నీ ఓటు ఇంకొకరు వెయ్యరు," అనింది.

మర్సటి దినం నుంచి మా వంటింట్లో ఓట్లు మొదలైనాయి. తిండి సంగతి ఏదైనా సరే, మామా ఎడమ చూపుడు వేలు పైకెత్తి "యల్లా, ఓటు!" అనేది, యల్లా అంటే కానియ్యండని. ఔనంటే వేలెత్తాల, కాదంటే పిడికిలి ముడవాల. మామా కొడుకు, మామా కూతురు, జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవరన్న, నేను, అందరం వెయ్యాల్సిందే. మామా శానా తూర్లు ఓడిపోయేది. ఒక తూరి నేనూ డ్రైవరన్నా కుమ్మక్కై, కూతుర్ని మా పక్క తిప్పుకుని, మిరియాల చారు గెలిపించినాం. మామా ఒక గుటక మింగి, దగ్గి దగ్గి, "ఇదీ ఒక ఖర్మే" అన్నట్టు మమ్మల్ని చూసి గిన్నె ఖాళీ చేసింది. ఓడిపోయినోళ్ళు అలిగి లేచిపోకూడదని ఆమె పెట్టిన రూలే.

ఈ మధ్య ఈ దేశంలో పార్లమెంటును రద్దు చేసినారు, ఓట్లు ఆగిపోయినాయి. మామా గోరింటాకు గిన్నెను పై అరలో పెట్టేసింది, అంతే.

పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పడిపోయింది. అంత మాటకారికి మాట లేకుండా పోయింది చూడండి, నాకు దేవుని మీద కోపమొచ్చింది. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టినారు. ఎడమ చేత్తో పీకేసింది. మళ్ళీ పెట్టినారు, మళ్ళీ పీకేసింది. నేను సూపు చేసుకపోయి చెంచాతో పెడితే పెదాలు బిగించి మొగం తిప్పుకునేది. "ఒక్క చుక్క మామా, నా మామా గదా," అని బతిమలాడినాను. వినలేదు.

ఇంక గొట్టం పెట్టాలంటే ఆ ఎడమ చెయ్యి మంచానికి కట్టేయాలన్నారు డాక్టరు. పెడితే కొన్నాళ్ళు ఎక్కువుంటాదని, మనిషి తిరిగి లేచేది కష్టమని, మీరే చెప్పండని మెల్లగా చెప్పి పోయినారు.

కొడుకు మంచం పట్టుకుని ఏడ్చినాడు. "మా అమ్మను పస్తు పెట్టి చంపుకోవాల్నా?" అన్నాడు. అప్పుడే మామా ఎడమ చూపుడు వేలు పైకి లేచింది. నిటారుగా ఉండాది. వాళ్ళల్లో ఆఖరి గడియల్లో దేవుడొక్కడే అని ఆ వేలెత్తుతారు. కొడుకు అది చూసి దేవుని పేరు తలుచుకుంటాందని కండ్లు మూసుకుని తానూ చదువుకున్నాడు. కూతురు నా పక్క చూసింది. నేను ఆమె పక్క చూసినాను.

"ఓటు పెట్టమంటాంది," అనింది కూతురు. "తిండి సంగతి గదా."

కొడుక్కు కోపమొచ్చింది గానీ కాదనలేకపోయినాడు. ఆ రూలులోనే పెరిగినోడు. గొట్టం పెడదామా అని కూతురు అడిగింది. కొడుకు వేలెత్తినాడు. కూతురు పిడికిలి ముడిచింది. గడప దగ్గర నిలబడిన డ్రైవరన్న కండ్లు తుడుచుకుంటా వేలెత్తినాడు. "తినకుంటె ఎట్ల బతుకుతది చెల్లె, నువ్వే చెప్పు," అన్నాడు నాతో. మామా వేలు మెల్లగా, శానా మెల్లగా, అరచేతిలోకి ముడుచుకుంది.

రెండూ రెండూ. అందరూ నా పక్క తిరిగినారు.

"నువ్వు అన్నం పెట్టే మనిషివి. పెట్టమని చెప్పు," అన్నాడు కొడుకు. ఆయన గొంతులో హుకుం లేదు, బతిమలాడుతాండాడు. అది ఇంకా కష్టం.

"ఎవురూ చెప్పద్దండి," అనింది కూతురు. "ఈమె ఓటు ఈమెదే."

ఇన్నేండ్లు ఆ మనిషికి వండి పెట్టడమే నా బతుకు. నా మనసంతా వేలెత్తమనే కొట్టుకుంది. ఎత్తితే ఇంకా కొన్నాళ్ళు నా మామా నాకుంటాది. కానీ ఆకు గిల్లుతా ఆమె చెప్పిన ఆడోళ్ళు కండ్ల ముందర నిలబడినారు. కాళ్ళూ చేతులూ పట్టుకున్న వాళ్ళలో నా చేతులు కూడా కనబడినాయి. పిడికిలి ముడిచినాను. ముడిచి ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చినాను.

తర్వాత దూది తడిపి పెదాలకు అద్దడం తప్ప ఇంకేం చెయ్యలేదు. ఒక పొద్దున, నేను జుట్టు దువ్వుతాంటేనే పోయింది. ఆమెకు ఆఖరి స్నానం చేయించే గదిలోకి వాళ్ళ ఆడోళ్ళే పోయినారు. నేను బయట నిలబడినాను. లోపల్నుంచి కర్పూరం వాసన వచ్చింది, మన హారతి వాసనే.

ఇల్లంతా పరామర్శ జనంతో నిండిపోయిన దినం, కూతురు నన్ను వంటింట్లోకి పిలిచి పై అరలోంచి గోరింటాకు గిన్నె దించింది. గోరింటాకు కలిపి, నా ఎడమ చూపుడు వేలి గోటిమీద చుక్క పెట్టింది. నా జన్మలో అదే మొదటిది. కొడుకు మాత్రం ఇప్పటిదాకా నా చేతి కాఫీ తాగలేదు. ఆయన్ను తప్పు పట్టను, అలిగే హక్కు కొడుక్కు ఉంటాది.

ఇల్లు ఖాళీ చేస్తాండారు. నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, వచ్చే నెలతో ఖలాస్. ఊరికి పోయినాక ఓటర్ల లెక్కలో నా పేరుందా అని అడగాల. లేదంటారు, తెలుసు.

చుక్క గోటితో పాటు పెరిగి కొసకు వచ్చేసింది, ఎర్రగా, సన్నగా. నిన్న మధ్యాహ్నం మామా కుర్చీలో కూర్చుని గోర్లు తీసుకున్నాను. తొమ్మిది తీసి, కట్టరు పక్కన పెట్టేసినాను.