ఎర్రయ్య మూగ సీరియల్‌కి చివరి కార్డు

2013లో ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో నాకు వీడియో మిక్సింగ్ షాపు ఉండేది. పెళ్లికొడుకు మీద గులాబీలు రాల్చమనే గిరాకీలే అందరూ. ఎర్రయ్య ఒక్కడే వేరు. సముద్రం మీద వేటకెళ్లి, తీరం నుంచి చేపల బుట్టలు తెచ్చి రైలుకెక్కించే మనిషి, సెల్లులో తీసిన ముక్కలు పట్టుకొచ్చాడు.

"మాటలొద్దు బావూ, పాటలొద్దు. నలుపు తెలుపు సెయ్యి. మా తాత డేరా సినిమాలో మూగబొమ్మలు సూసీవోడంట. సరిగ్గా పీక మీదకొచ్చినప్పుడు ఆపీసి, మళ్లీ వారం రమ్మనీవోరంట."

"ఈ కాలంలో మూగబొమ్మ ఎవడు చూస్తాడయ్యా?"

"మా ఇంటిది సూస్తాది."

భార్య నూకాలమ్మకు పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. బడి ముఖం చూడలేదు. సీరియల్లో నాయిక ఆమే. వేసవిలో వేట నిషేధం పెట్టి పడవలు ఒడ్డెక్కినప్పుడే షూటింగు. ఊరివాళ్లే దొంగలు, తాటాకులే కోట. భాగం చివర ఆమెను ఏ దుంగకో కట్టేసేవారు, అల మీదికొచ్చేది, బొమ్మ ఆగేది. అక్కడ టైటిల్ కార్డు, అంటే నల్లతెర మీద తెల్ల అక్షరాలు: ఇంకా ఉంది. చదవలేకపోయినా ఆ కార్డు పడిందంటే తర్వాతి భాగం ఉందని, మొగుడొచ్చి కట్లు విప్పుతాడని ఆమెకు తెలుసు. నా కుర్చీ వెనక నిలబడి నవ్వేది.

తర్వాతి వేసవిలో ఎర్రయ్య కథ తిప్పాడు. పడవ బోల్తాపడి తనే మునిగిపోతాడు, నీళ్లపైన చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. "ఈపాలి ఇదే నన్ను లాగుతాది బావూ. మళ్లీ వేట ఆపినప్పుడు తీద్దుం" అన్నాడు నూకాలమ్మను చూపించి. కార్డు వేసి ఇచ్చాను.

ఆ వానాకాలం అతని పడవ తిరిగి రాలేదు. తోటివాళ్ల శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అతనిది రాలేదు.

కొన్నాళ్లకు అతని తల్లి పోలమ్మ, కోడల్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది.

"దినం సెయ్యనివ్వదు బావూ. గాజుల మీద సెయ్యెయ్యనివ్వదు. రోజూ ఆ బొమ్మ ఏసుకుని, ఆ అచ్చరాలు మాకు సూపిస్తాది. తిండి మానీసి ఒడ్డునే కూకుంటాది. నీకు దండం పెడతాను, అయి తీసీ. అయిపోనాదని రాయి."

"ఆమెకు చదవడం రాదు కదమ్మా."

"ఆ అచ్చరాలు కావని తెలుస్తాది కదా."

నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. పెళ్లిళ్లకు శుభం రాసుకు బతికేవాణ్ణి, నాకెందుకొచ్చిన కర్మ ఇది? కానీ నూకాలమ్మ ఎముకల గూడులా ఉంది. టైమ్‌లైన్ తెరిచాను. ముక్కల్ని వరసగా పేర్చే పట్టీని అలా అంటాం. పాత కార్డు తీసి 'సమాప్తం' అని కొట్టి, ఆడించాను.

నీళ్లు. చెయ్యి. కార్డు.

ఆమె నవ్వలేదు. దగ్గరికొచ్చి అక్షరాల మీద వేలు పెట్టి, నా వైపు చూసింది. నేను రెండు చేతులూ తిరగేసి ఖాళీగా చూపించాను. అంతకన్నా ఎలా చెప్పాలో తెలియలేదు. వెనక్కి తిప్పమని సైగ చేసింది. మళ్లీ చెయ్యి కనిపించగానే ఆపించింది. తెర మీది ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. గాజులు అద్దానికి కొట్టుకుంటున్నాయి. తను చెయ్యాల్సిన భాగం చేస్తోందని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. పోలమ్మ పట్టుకుని లాక్కెళ్లింది.

ఆ తర్వాత పోలమ్మ స్టేషన్ దగ్గర కనిపించింది.

"దినం అయిపోనాది బావూ. గాజులు అదే తీసిచ్చీసినాది. ఏడవలేదు."

"తింటోందా?"

"పెడితే తింటాది. ఒడ్డుకి ఎల్లడం మానీసినాది. ఇప్పుడు దేనికీ ఎదురు సూడదు."

లేని ఆశ పెట్టడం పాపమంటారు. ఉన్న ఆశ తీసెయ్యడం ఏమిటో ఎవరూ చెప్పరు. నాకు ఆ కార్డు చెప్పింది.