ఏ ఇంటికి ఏ వాక్యం

వనపర్తి బస్టాండు ఎదురు సందులో షాహిద్ కంప్యూటర్ల దుకాణం. ఇస్రాయేలు ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, సీపీయూను దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆయనకు అరవై నాలుగేళ్లు. ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లెలో ఇరవై ఎనిమిదేళ్లుగా సంఘానికి ఉపదేశి. పాస్టరుగారు నెలకొకసారి వచ్చిపోతారు. మిగతా ఆదివారాలు, ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, ఎవరైనా పోయినప్పుడు వాక్యం చెప్పేది ఇస్రాయేలే.

నాగర్‌కర్నూల్ బడిలో పాఠాలు చెప్పే కూతురు పావని కొత్త కంప్యూటరు కొనుక్కుని పాతది తండ్రికిచ్చింది. అందులో బైబిలు పెట్టించుకోవాలని ఆయన వచ్చాడు.

"మూడు రకాలున్నయి పెద్దయ్యా" అన్నాడు షాహిద్, వైర్లు తగిలిస్తూ. "మొన్న పెబ్బేరు పాస్టరుకు గూడ నేనే ఎక్కిచ్చిన. ఒకటి చిన్నది. తెలుగు బైబిలు. ఒక మాట కొడితే అది యాడాడుందో అన్నీ ముందల పెడ్తది. రెండోది జర పెద్దది. ఇంగ్లీషుల వివరాలు, పటాలు, పాత భాషలు, సముద్రమే అనుకో. మూడోది నెట్టుంటెనే నడుస్తది. సదివి ఇనిపిస్తది గూడ."

"సదివి ఇనిపిచ్చుడు వద్దు."

"ఏమి? కండ్లకు ఆరాం గద."

"వద్దంటి గద భాయ్."

షాహిద్ మళ్లీ వైర్ల మీదికి వంగాడు. ఇస్రాయేలు కాసేపు తెర వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఒక సంగతి చెప్పు. ఒక ఇంట్ల మొగడు తాగి తాగి సచ్చిండు అనుకో. పెండ్లానికి ఏడుపొస్తలేదు. గా ఇంటికి ఏ వాక్యం తీస్కపోవాల్నో గిది చెప్తదా?"

షాహిద్ నవ్వాడు. "గట్ల చెప్పేదే ఉంటే మా మౌల్వీసాబ్‌కు గూడ ఒకటి ఎక్కిస్తుంటి. దీనికి మాట చెప్పాలె పెద్దయ్యా. ఇల్లు చెప్తే తెల్వదు."

ఆయన భార్య విజయమ్మకైతే ఇల్లు చెబితే చాలేది.

ఆ సంగతి ఇస్రాయేలు ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో మాత్రం బైబిలంతా ఆయన నోట్లో ఉంటుందని పేరు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ రాయచూరు వైపు కాలువ పనులకు పోయారు. ఆమె మట్టి తట్టలు మోసేది. పని దిగాక గుడిసె ముందు కూర్చుని ఆయన బైబిలు చదివేవాడు, ఆమె రొట్టెలు కొడుతూ వినేది. చదువు రాదు. వేలిముద్ర మనిషి. కానీ ఒక్కసారి విన్నది పోదు. అధ్యాయం, వచనం చెప్పలేదు గాని, "గదే, పెబ్బేరు సంతల ఎడ్లమ్మి వచ్చిననాడు సదివినవు సూడు, గా ముసలామె ముచ్చట" అనేది. అక్కడా ఇక్కడా నాలుగు పుటలు తిప్పితే దొరికేది. ఎవరింట్లో ఏం కష్టమో కూలికాడ ఆమెకు ముందే తెలిసేది. ఆ ఇంటికి ఏది చదవాలో చెప్పేది. ఏది చదవకూడదో అంతకంటే గట్టిగా చెప్పేది. "గది వద్దు. గా మాట మంచిదే, దాని ఎనకున్న కథ మంచిది కాదు. గా పిల్ల గుండె పలుగుతది" అనేది.

ఆయన గుడిలో నిలబడి, "నిన్న ప్రభువు నా హృదయంలో ఈ వాక్యం ఉంచాడు" అని మొదలుపెట్టేవాడు.

ఒకసారి క్రిస్మస్ కూడికలో సంఘ పెద్ద జయపాల్ అందరి ముందూ ఎగతాళి చేశాడు. "ఏం విజయమ్మా, ఇంట్ల గింత పెద్ద పండితున్ని పెట్టుకొని నీకు అక్షరం ముక్క రాకపాయె. దీపం కింద చీకటంటే నువ్వే!" అందరూ నవ్వారు. ఇస్రాయేలు కూడా నవ్వాడు. ఆమె కొంగు సర్దుకుని, పిల్లలకు బెల్లం అన్నం పెట్టడానికి లేచిపోయింది. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకు ఇప్పుడు అనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం ఆమెకు కామెర్లు ముదిరాయి. పదకొండు రోజుల్లో పోయింది. సమాధి దగ్గర బైబిలు ఆయన చేతికే ఇచ్చారు. ఆయన పుటలు తిప్పాడు, తిప్పాడు, మూసేశాడు. దుఃఖంతో మాట పడిపోయిందనుకుని జనం కళ్లు తుడుచుకున్నారు. ఈ ఇంటికి ఏది చదవాలో అడగడానికి మనిషి లేదని ఎవరికి తెలుసు?

ఆ దుఃఖం చాటున రెండు నెలలు గడిచాయి. తర్వాత జయపాల్ మొహం మీదే అన్నాడు. "ఇస్రాయేలన్నా, నెల దినాలసంది నీ వాక్యంల ఆ గొర్రెలు, ఆ కాపరే నడుస్తున్నరు. మేమేమన్న గడ్డి తింటున్నమా?" జయపాల్ అన్నకొడుకు చరణ్ బైబిలు కాలేజీలో చదివి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి ప్రసంగం చెబుతాడు. ఈ క్రిస్మస్ పండుగ దాటితే ఉపదేశి పని అతనికి ఇద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఆ పని పోతే తనకు ఊళ్లో మిగిలేదేమిటో ఇస్రాయేలుకు తెలుసు. కట్టెపుల్ల పట్టుకుని బర్రె వెనక పోయే ముసలివాడు.

"చరణ్ దగ్గరున్నది ఏది?" అని అడిగాడు షాహిద్‌ని.

"గా పెద్దదే ఉంటది."

ఇస్రాయేలు ఆ పెద్దదాన్నే ముందు తెరిపించాడు. అంతా ఇంగ్లీషు. చిన్నదాన్ని తెరిచి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ 'కన్నీరు' అని కొట్టాడు. తెర నిండా వాక్యాలు దిగాయి. కిందికి జరిపినకొద్దీ ఇంకా ఉన్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరినీ అడగకుండా వాక్యం దొరికింది. ఆ గర్వంతో ఆయన ఒళ్లు వెచ్చబడింది.

"గిదే ఎక్కియ్యి" అన్నాడు.

మూడు ఆదివారాలు గుడి దద్దరిల్లింది. నీళ్ల మీద పద్నాలుగు చోట్ల నుంచి, రొట్టె మీద ఇరవై చోట్ల నుంచి ఎత్తి చెప్పాడు. "ముసలోడు మళ్ల లేషిండు" అని జయపాల్ తొడ చరిచాడు. చరణ్ మాట వెనక్కి పోయింది. ఆడవాళ్ల వైపు నుంచి మాత్రం ఒక్క 'ఆమెన్' లేదు. ఇస్రాయేలు అది పట్టించుకోలేదు.

నాలుగో వారం అమృతమ్మ మనవడు చనిపోయాడు. పుట్టి ఇరవై రోజులే. పిల్లాడి తండ్రి నర్సింహులు గద్వాల వైపు పత్తి చేలల్లో పనికి పోయి ఉన్నాడు. జ్వరమని ఫోను చేస్తే, పని విడిచి వస్తే మేస్త్రీ మళ్లీ రానివ్వడని ఒక రోజు ఆగాడు. అతను వచ్చేసరికి బిడ్డ లేడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఇస్రాయేలుకూ తెలుసు.

మూడో రోజు ఆదరణ కూడిక. పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని 'బిడ్డ' అని, 'చనిపోయెను' అని కొట్టాడు. వచ్చినవాటిలో ఒకటి కళ్లకు తగిలింది. బిడ్డను పోగొట్టుకున్న ఒక రాజు మాట. నేను వాడి దగ్గరికి పోతాను గాని, వాడు తిరిగి నా దగ్గరికి రాడని. ఎంత చక్కటి మాట! చీటీ మీద రాసుకున్నాడు.

అమృతమ్మ ఇంటి ముందు పట్టాలు పరిచారు. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. నర్సింహులు గోడకానుకుని నేల చూస్తున్నాడు. ఇస్రాయేలు గొంతు సవరించుకుని ఆ వాక్యం చదివాడు. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదివాడు.

"గా రాజు బిడ్డ ఎందుకు సచ్చిండు అన్నా?" అంది అమృతమ్మ.

ఇస్రాయేలు చేతిలోని చీటీని తిప్పి చూశాడు.

"నాకు సదువు రాదు. కలుపు తీసేకాడ విజయక్క చెప్పింది ఆ కథ. ఆ రాజు చేసిన పాపానికి గా పసిగుడ్డు సచ్చింది. తండ్రి తప్పుకు బిడ్డ. గదే గద? నా కొడుకు ముందల గది సదువుతవా నువ్వు?"

నర్సింహులు లేచి చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. బాలింత లోపల్నుంచి ఒక్క కేక పెట్టింది.

కూడిక ఎట్లా ముగిసిందో ఇస్రాయేలుకు తెలియదు. అందరూ పోయాక అమృతమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది చెల్లే. నాకు తెల్వలే."

"నీకు ఎన్నడు తెల్సు?" అంది ఆమె. "మాకందరికి ఎర్కనే. ఇరవై ఏండ్లసంది ఎర్క. విజయక్క ఏ ఇంటికి ఏది సదవాల్నో మా ముందల్నే అనుకునేది. ఎవ్వరికి చెప్పొద్దు, మా ఆయన పేరు పోతదని మాతోని ఒట్టేయించుకున్నది. ఆమెను జూసి అందరు నవ్వంగ నువ్వు గూడ నవ్వినవు సూడు, ఆనాడు నోరిప్పుతుంటి. కాలు తొక్కి ఆపింది."

ఆదివారం ప్రసంగం బదులు ఇస్రాయేలు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తాను ఇన్నేళ్లు చెప్పిందేదీ తనది కాదని, అంతా విజయమ్మదని, ఇప్పుడు చెబుతున్నది కంప్యూటరని, ఉపదేశి పనికి తాను తగనని చెప్పాడు.

తర్వాత జయపాల్ లేచాడు. అతని కళ్లలో నీళ్లు.

"సూస్తున్నరా? గిది తగ్గింపంటే! అక్షరం రాని పెండ్లాం పోతే, తన గొప్పంతా తీసుకపోయి ఆమె తల మీద పెడ్తుండు. ప్రేమంటే గిది!"

"తగ్గింపు గాదు జయపాలూ, నిజం" అన్నాడు ఇస్రాయేలు. "కావాల్నంటే అమృతమ్మను అడుగు."

అందరూ ఆడవాళ్ల వైపు తిరిగారు. అమృతమ్మ ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"నాకేం తెల్వదు" అంది. "నేను సాక్ష్యం చెప్తె మీకు నమ్మకమొస్తదా? చెప్పాల్సినోడు ఆమె బతికున్ననాడు చెప్పకపాయె."

మగవాళ్లు ఆ రెండో మాట వినిపించుకోలేదు. చప్పట్లు కొడుతున్నారు. వచ్చే నెల ఖిల్లా ఘణపూర్‌లో జరిగే పెద్ద కూడికలో ముఖ్య ప్రసంగం ఇస్రాయేలన్నదే అని జయపాల్ అక్కడికక్కడే ప్రకటించాడు. అంశం కూడా చెప్పాడు, గుణవతియైన భార్య.

ఇస్రాయేలు కాదనడానికి నోరు తెరిచాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. చరణ్ కూడా చప్పట్లు కొడుతున్నాడు.

"సరే" అన్నాడు.

ఇంటికి పోయి, అన్నం వండుకోకుండానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ 'భార్య' అని కొట్టాడు. తెర నిండా వాక్యాలు దిగాయి. వాటిలో ఏది చదవకూడదో ఆయనకు తెలియలేదు.